మేస్త్రీ కాలు సరే అంటేనే

బ్రేకు ప్యాడ్లు రెండోసారి వెనక్కి వచ్చాయి. ముందు స్పేర్‌పార్టుల కౌంటరు, వెనక రిపేరు షెడ్డు, రెండింటికీ మధ్య గోడలో చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి ఒక మసిచేయి అట్టపెట్టెను ఇవతలికి తోసి, తిట్లు తగలకముందే మాయమైంది. పెట్టెకు రబ్బరు బ్యాండు, బ్యాండు కింద పసుప్పచ్చ చీటీ. చీటీలో "కారణం" అని అచ్చేసిన చోట రెండే మాటలు: పట్టు లేదు. దాని కింద మేస్త్రీ సంతకం. మేస్త్రీ అంటే ఇంకెవరో కాదు, కౌంటరు చూసుకునే ఆమెకు సొంత అన్నయ్య.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టెను బల్ల మీద ఎంత గట్టిగా కొట్టిందంటే, ఫ్యాన్ బెల్టు కోసం వచ్చి నిలబడ్డ లారీ డ్రైవరు "నేను మళ్ళీ వస్తాలెండి" అని రెండడుగులు వెనక్కి వేశాడు. "నిన్నేమన్నాను? నిలబడు!" అని అతని మీద కూడా కేకేసి, బెల్టు తీసిచ్చి పంపింది. తప్పు బెల్టు ఇవ్వలేదు. ఎంత కోపంలోనైనా ఆమె తప్పు వస్తువు ఇవ్వదు. ఇరవై ఏళ్ళలో ఆ మాట అననిచ్చింది లేదు.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. షెడ్డులో ఆమెను చిటపటమ్మ అంటారు, ఆమె చెవిన పడకుండా చూసుకుని. మేస్త్రీకి పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు పని జరిగిన ఏ బండైనా మేస్త్రీ ఎక్కి, వెనక రోడ్డు మీద తిప్పి, కాలు పెట్టి చూసి, "సరే" అంటేనే గేటు దాటాలి. ముప్పై ఏళ్ళుగా అంతే. పెడలు నొక్కగానే ఏ చక్రం ముందు పట్టింది, ఏది వెనకబడింది, గొట్టంలో ఎక్కడ గాలి చిక్కింది, అన్నీ కాలితోనే చెప్పేవాడు. యంత్రాలు తెప్పించినా ఓనరు వాటి మాట నమ్మడు, మేస్త్రీ కాలి మాట నమ్ముతాడు. అలాంటి కాలు ఇప్పుడు చెల్లెలు ఎంచిన ప్యాడ్లను రెండుసార్లు తన్నిపారేసింది.

ఇంతకీ ఆ ప్యాడ్లు ఏ బండివంటే, పళ్ళ డాక్టరమ్మ స్పోర్ట్స్ కారువి. నేలకు జానెడెత్తున, రెండే తలుపులతో, నీలంగా నిగనిగలాడుతూ ఉంటుంది. డాక్టరమ్మ వారం కింద కౌంటరు ముందుకొచ్చి ఫోన్లో బొమ్మ చూపించింది.

"ఇదిగోనండీ, ఇలా చిల్లులున్న డిస్కులు కావాలి. ప్యాడ్లు రేసుల్లో వాడేవి. అన్నిటికన్నా గట్టివి ఇవ్వండి."

చిటపటమ్మ బొమ్మ వంక చూడనే లేదు. బ్రేకుల కోసం ఎవరొచ్చినా ముందు మూడు ప్రశ్నలడగడం ఆమె పద్ధతి. జవాబు వచ్చేదాకా అరలోంచి పెట్టె కదలదు.

"ఎక్కడ నడుపుతారు? పక్కన ఎవరు కూర్చుంటారు? పొద్దున్నే మొదటి బ్రేకు ఎక్కడ వేస్తారు?"

మొదటి రెండిటికీ ఎవరైనా జవాబు చెబుతారు. మూడోదానికి చాలామంది నవ్వుతారు. డాక్టరమ్మ కూడా నవ్వింది, తరవాత ఆలోచించి చెప్పింది. వాళ్ళ అపార్టుమెంటు కింద నేలమాళిగ నుంచి వాలు ఎక్కి రోడ్డు మీదికొస్తే, ఎదురుగా బడి. పిల్లలు రోడ్డు దాటుతుంటారు. మొదటి బ్రేకు అక్కడే.

"అయితే రేసు ప్యాడ్లు మీకు ఇవ్వను" అంది చిటపటమ్మ.

"ఇవ్వరా? నా కారుకా?"

"ఆ ప్యాడ్లు బాగా వేడెక్కితే గానీ పట్టవమ్మా. రేసులో చుట్టూ చుట్టూ తిప్పుతారు గనుక కాలిపోతూ ఉంటాయి, పడతాయి. మీది చల్లటి బండి, వీధి చివర బడి. నొక్కితే జారుతుంది. మీరు పళ్ళు పీకేముందు మత్తు ఎక్కిందో లేదో చూసుకోరూ? ఇదీ అంతే. ఇక చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. మీ పాతవాటి దగ్గరికి రండి, చూపిస్తాను."

షెడ్డులోకి తీసుకెళ్ళి, ప్యాడ్లు పట్టి ఆపే పాత డిస్కు మీద గోరు పెట్టించింది. అంచు దగ్గర గట్టు కట్టి ఉంది, అంటే మధ్యలో అంత అరిగిందన్నమాట. చిల్లుల పక్కన వెంట్రుక మందాన పగుళ్ళు. వేడికి నీలం మచ్చలు. డాక్టరమ్మ ఆ పగుళ్ళను పుచ్చుపళ్ళను చూసినట్టు శ్రద్ధగా చూసి, "మీ ఇష్టం, మీరేది చెబితే అదే" అంది.

చిటపటమ్మ ఎంచినవి చిల్లుల్లేని డిస్కులు, లోపల గాలి ఆడే రకం. వాటికి తగ్గట్టు చల్లగా ఉన్నప్పుడూ పట్టి, వేడెక్కినా వదలని వీధి ప్యాడ్లు. రెండు రోజులు పట్టికలు తిరగేసి, మందం, వెడల్పు, బోల్టుల దూరం సరిచూసుకుని మరీ తెప్పించింది. ఆ పెట్టె కిటికీలోంచి అవతలికి వెళ్ళినప్పుడు ఆమెకు లోలోపల గర్వంగా కూడా ఉంది. మర్నాడు చీటీతో తిరిగొచ్చింది: పట్టు లేదు.

సరే, అన్నయ్య చెప్పాడంటే ఏదో ఉంటుందనుకుంది. ఇంకో కంపెనీ వీధి ప్యాడ్లు, ఇంకాస్త మెత్తని రకం తెప్పించింది. ఇప్పుడు అవీ వచ్చాయి. ఈసారి చీటీ వెనక చిన్న అక్షరాలతో ఒక ముక్క అదనంగా ఉంది: "రేసు ప్యాడ్లు పంపు."

రేసు ప్యాడ్లు! కౌంటరు మీద మొదటి పాఠం చెప్పినప్పుడు, "వీధి బండికి రేసు ప్యాడ్లు అమ్మినవాడు హంతకుడితో సమానం" అన్న మనిషేనా ఈ చీటీ రాసింది?

ఓనరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. మంచివాడే, కానీ మంచితనానికి ఒక గడువు పెట్టుకుంటాడు.

"చూడమ్మా, వాడిన ప్యాడ్లు ఏ కంపెనీ వెనక్కి తీసుకోదు. రెండు సెట్లు పోయాయి. డాక్టరమ్మ రోజూ ఆటోలో తిరుగుతోంది. మూడోసారి కూడా మేస్త్రీ కాదంటే, రేపట్నుంచి నువ్వు మేడ మీద గోడౌను చూసుకో. కౌంటరుకి ఇంకొకరిని పెడతాను."

"అంటే నాకు పని రాదంటారా?"

"నేననడం లేదు. మేస్త్రీ కాలు అంటోంది."

గోడౌనంటే రేకుల కప్పు కింద పెట్టెలు లెక్కపెట్టడం. మనిషి మొహం కనబడదు. చిటపటమ్మకు కౌంటరంటే కూడు పెట్టే చోటు ఒక్కటే కాదు. పదో తరగతితో చదువాగిపోయిన మనిషి, ఇంజనీర్లకు కూడా "అది కాదు, ఇది తీసుకోండి" అని చెప్పగలిగే చోటు భూమ్మీద ఆ మూడు గజాల బల్ల ఒక్కటే. దాన్ని లాక్కునేది పరాయివాడైతే తాడో పేడో తేల్చుకునేది. లాక్కుంటోంది తోడబుట్టినవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకు మూడింది. మొగుడు టాక్సీ నడుపుతాడు. పొద్దంతా ట్రాఫిక్కులో నలిగి వచ్చి కాళ్ళు చాపుకున్న మనిషి, పెళ్ళాం గోడు విని ఓదార్చి ఊరుకోవచ్చుగా. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని న్యాయం చెప్పబోయాడు.

"బావకి నీ మీద పగేముంటుంది? ఆయన కాలు పట్టు లేదందంటే లేనట్టే. నువ్వే ఏదో పొరపాటు పడి ఉంటావు."

"నేను పొరపాటు పడ్డానా? మీరు చూశారా?"

"నేనెందుకు చూడ్డం, బావ చూశాడుగా."

"అయితే మీ బావ ఇంటికే పోయి తినండి!"

అతను లేచి, తనే వడ్డించుకుని, మూలకు పోయి తిన్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఆ మాత్రం నేర్చుకున్నాడు.

మర్నాడు పొద్దున చిటపటమ్మ కిటికీని వాడలేదు. రెండు పెట్టెలూ చంకలో పెట్టుకుని కౌంటరు చుట్టూ తిరిగి నేరుగా షెడ్డులోకి నడిచింది. నీలం కారు జాకీల మీద ఉంది. మేస్త్రీ ముక్కాలిపీట మీద కూర్చుని ముందు చక్రం దగ్గర ఏదో తుడుస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఈ మధ్య కాస్త చిక్కాడు. షుగరు ఉందని అందరికీ తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు.

"ఇవి ఏ కాలితో చూశావ్ అన్నయ్యా?" అందామె, షెడ్డంతా వినేలా.

"పని దగ్గర గొడవ పెట్టకు. పో."

"పట్టు లేదా? ఈ ప్యాడ్లకా? దేశంలో సగం బండ్లు వీటి మీదే ఆగుతున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. సరిగ్గా బిగించడం రాక నా మీద రాస్తున్నావా?"

మేస్త్రీ చేతిలోని గుడ్డ నేలకేసి కొట్టాడు. "నువ్వా నాకు బిగించడం చెప్పేది? కౌంటరు మీద కూర్చుని బ్రేకులు చూసేదానివి అయిపోయావా? నిన్నా కుర్చీలో కూర్చోబెట్టింది నేను!"

"అవును, నువ్వే కూర్చోబెట్టావు, ఇప్పుడు నువ్వే తోస్తున్నావు! పైగా రేసు ప్యాడ్లట. వాళ్ళ గేటు ముందు బడి ఉంది. ఆ సంగతి చీటీ మీద రాసి పంపాను, చదివావా?"

ఆయన వంగి నేల మీది గుడ్డ తీసుకున్నాడు. అదే ఆమెను ఇంకా మండించింది. అన్నయ్య తిరిగి కేకలేస్తే ఆమెకు అలవాటే, ఇద్దరూ అలా పెరిగినవాళ్ళే. మాట మింగేసి చక్రం వైపు తిరిగే అన్నయ్యను ఎన్నడూ చూడలేదు. అంటే తప్పు చేస్తున్నట్టు తెలిసే చేస్తున్నాడు అనుకుంది.

కేకలకు ఓనరు వచ్చాడు. చిటపటమ్మ మొదటి పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవే మళ్ళీ బిగించమనండి సార్. బండి తిప్పేటప్పుడు నేను పక్క సీట్లో కూర్చుంటాను. పట్టు లేకపోతే ఈ రోజే నా అంతట నేనే మేడెక్కుతాను."

"అక్కర్లేదు" అన్నాడు మేస్త్రీ గబుక్కున.

"కూర్చోనీ మేస్త్రీ, ఒక పని అయిపోతుంది" అన్నాడు ఓనరు.

మధ్యాహ్నం మూడింటికి బండి దిగింది. వెనక గోడౌన్ల మధ్య తిన్నగా పోయే రోడ్డు ఒకటుంది, ఆ వేళకు లారీలు ఉండవు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడటానికి అక్కడే ఇరవై ముప్పై సార్లు వేగం పెంచడం, పూర్తిగా ఆపకుండా తగ్గించడం చేస్తారు. ఆ పని మేస్త్రీ తప్ప ఎవరూ చేయరు. చిటపటమ్మ ఆ సీట్లో కూర్చుంటే నేల మీద చతికిలపడ్డట్టుంది. బెల్టు పెట్టుకుంది. ఇద్దరూ మొహాలు చెరో పక్కకు తిప్పుకుని ఉన్నారు.

చిన్న వేగాలతో పదిహేనుసార్లు చేశాక, మేస్త్రీ చివరిదాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పాడు. బండి గురక పెట్టింది, గోడలు రివ్వున వెనక్కి పోయాయి. ఆయన బ్రేకు మీద కాలు వేశాడు.

బెల్టు ఆమె భుజాన్ని కోసినంత పని చేసింది. బండి ముక్కు నేలకు వంగింది. ఒళ్ళో పెట్టుకున్న చేతిసంచి ఎగిరి అద్దానికి తగిలి కింద పడింది, తాళాలు, చిల్లర, దువ్వెన అన్నీ కాళ్ళ దగ్గర దొర్లాయి. బండి నిలబడింది.

"చూశావా?" అన్నాడు అన్నయ్య. "పట్టు లేదు."

అప్పుడు ఆమె నోట వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు. పట్టపగలు, తన పక్కనే కూర్చుని, తన భుజం వాచేలా బండి ఆపి, పట్టు లేదంటాడా? ఇంత పచ్చి అబద్ధమా? "నా కడుపు కొట్టి నీకేం వస్తుంది? చెప్పు! నేనేం ద్రోహం చేశాను నీకు?" అని అరిచింది.

"అబద్ధం కాదే" అన్నాడాయన. "ఇంకోసారి చూడు."

మళ్ళీ వేగం పెంచాడు. ఈసారి ఆమె రోడ్డు వైపు చూడలేదు, ఆయన వైపు చూసింది. నుదుటి మీద చెమట. బ్రేకు వేసే ముందు ఆయన తల వంచి కిందికి చూశాడు. తన కాలు ఎక్కడుందో తొంగి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బ్రేకులు తొక్కిన మనిషి పెడలు కోసం కళ్ళతో వెతుక్కుంటున్నాడు. తరవాత ఒక్కసారిగా, మేకు దిగ్గొట్టినట్టు తొక్కాడు. బండి మళ్ళీ ముక్కు వంచి నిలబడింది.

ఆమె కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే దానికింద ఏదో చల్లగా పాకింది.

"అన్నయ్యా, బండి దిగు."

"ఎందుకు?"

"దిగమన్నానా!"

దిగాడు. ఆమె బండి చుట్టూ తిరిగొచ్చి, రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కుడికాలి బూటు లాగింది. "ఏంటే ఇది, రోడ్డు మీద..." అని ఆయన గింజుకున్నాడు. మేజోడు మడమ దగ్గర తడిగా, నల్లగా ఉంది. విప్పితే అరికాల్లో ఒక స్టీలు క్లిప్పు ఉంది. ప్యాడ్లు కదలకుండా పెట్టే పల్చటి ముక్క. ముక్కాలిపీట మీద కూర్చుని పని చేస్తున్నప్పుడు ఎప్పుడో బూటులో జారి ఉంటుంది. సగం లోపలికి దిగిపోయి, చుట్టూ చీము పట్టి ఉంది.

మేస్త్రీ వంగి, ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు.

"ఎప్పట్నుంచి ఉందది?" అని చెల్లెల్నే అడిగాడు.

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. "నన్నడుగుతావేం? కాలెవరిది?"

ఆయన గోడౌను గట్టు మీద కూర్చుండిపోయాడు. చలికాలంలో వేళ్ళ కొసలతో మొదలైందట. తిమ్మిరి అనుకున్నాడట. తరవాత అరికాలు, తరవాత మడమ. చెప్పుల్లో కాలు ఉందో లేదో తెలిసేది కాదట. మామూలు బండ్లకైతే చప్పుడు విని, ముక్కు ఎంత వంగిందో చూసి నెట్టుకొచ్చాడట. ఈ నీలం బండి మీద ఆయనకు అలవాటు లేదు. వినడానికీ, పోల్చుకోవడానికీ ఏమీ దొరకలేదు. బండి ఆగడం తెలుస్తోంది గానీ, ఎంత తొక్కితే ఆగిందో తెలియలేదట.

"తెలియనిదాన్ని సరే అనడానికి మనసొప్పలేదే. ఇంకా గట్టి ప్యాడ్లయితే కాస్తయినా తెలుస్తుందేమోనని..."

"సరే అనడానికి మనసొప్పలేదు. మరి నా మీద రాయడానికి ఒప్పిందా?"

ఆయన తలెత్తలేదు. "ఎవరికీ చెప్పకు. ఒక్క ఆర్నెల్లు. మందులు వాడతాను. కాలు పోయిందంటే నేనేం మేస్త్రీని చెప్పు? టీ తాగడానికి కూడా పిలవరు నన్ను."

ఆమె క్లిప్పు తీసి, చేతిరుమాలు కట్టి, ఆయన్ను పక్క సీట్లోకి తోసి, తనే స్టీరింగు ముందు కూర్చుంది. మొగుడి టాక్సీ తప్ప ఇంకో బండి నడిపిన మనిషి కాదు. మలుపు దగ్గర బ్రేకు మీద మెత్తగా కాలు వేసింది. తాకీ తాకగానే పట్టింది, పసిపిల్ల వేలు పట్టుకున్నంత నమ్మకంగా పట్టింది. తను ఎంచిన ప్యాడ్లు, తను ఎంచిన డిస్కులు. సంతోషపడాల్సిన చోట కూడా కోపమే వచ్చింది.

షెడ్డులో పనులన్నీ ఆగి ఉన్నాయి. ఓనరు గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమంటావ్ మేస్త్రీ?"

మేస్త్రీ చెల్లెలి వైపు ఒక్కసారి చూశాడు. బూటు వదులుగా తొడుక్కుని ఉన్నాడు, కట్టు కనబడకుండా.

"ప్యాడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. డిస్కులూ అంతే. నేనే సరిగ్గా అలవాటు పట్టించకుండా రాసేశాను. తప్పు నాది. ఎంచితే మా చెల్లెలే ఎంచాలి."

ఓనరు నవ్వేశాడు. "విన్నావా అమ్మా? కౌంటరు నీదే. పో, ఇంక ఆ మొహం సరిచేసుకో." మెకానిక్కులు కూడా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇరవై ఏళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అది. అన్నయ్య నోట, అందరి ముందు. ఏ మాటకోసమైతే రాత్రి అన్నం మానేసిందో ఆ మాట వచ్చేసింది. కుర్చీ దక్కింది. ఇక చేయాల్సిందల్లా కౌంటరులోకి నడిచి ఫ్యాను వేసుకోవడమే. నాలుగడుగులు వేసింది కూడా. గోడ పక్కన, గేటు దాటడానికి తయారుగా ఉన్న బండి ఒకటి కనబడింది. అద్దం మీద పసుప్పచ్చ చీటీ అంటించి ఉంది. చీటీ మీద "సరే" అని అన్నయ్య రాత.

ఆమె వెనక్కి తిరిగింది.

"నా నోరు మూయడానికి మంచి వెలే కట్టావ్ అన్నయ్యా" అంది. తరవాత ఓనరు వైపు తిరిగి, "ఆయన కుడికాలికి స్పర్శ లేదు సార్. చలికాలం నుంచి లేదు. ఆయన సరే అన్న బండ్లన్నీ మళ్ళీ చూడాలి" అంది.

ఓనరు చూపు మేస్త్రీ బూట్ల మీదికి దిగింది.

"నోర్ముయ్" అన్నాడు మేస్త్రీ. "దీనికి మతిపోయింది. నేను..."

"బూటు విప్పు. లేదా నేనే విప్పుతాను. ఇందాక రోడ్డు మీద విప్పాను, ఇక్కడ విప్పలేనా?"

ఆయన విప్పలేదు. విప్పనవసరం లేకుండానే అందరికీ తెలిసిపోయింది, ఎందుకంటే కింద సిమెంటు గచ్చు మీద, వదులు బూటులోంచి కారిన నెత్తురుతో ఎర్రటి మడమ అచ్చులు గేటు నుంచి ఆయన నిలబడ్డ చోటిదాకా ఉన్నాయి. ఆయన తప్ప అందరూ వాటినే చూస్తున్నారు.

"నువ్వు అసలు నా చెల్లెలివేనా?" అన్నాడు.

"కాకపోతే ఎప్పుడో నోరు మూసుకుని పోయేదాన్ని. చెప్పు, నీకు అనుమానంగా ఉండి కూడా సరే అన్నవి ఎన్ని?"

"అన్నీ మంచివే..."

"ఎన్ని?"

మేస్త్రీ గోడకు చేరబడి, నేల చూపులు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. కాగితం లేదు, వెతుక్కోవడం లేదు. రంగు, నంబరు, తేదీ, ఏ చక్రం మీద అనుమానమో, అన్నీ వరసగా వచ్చాయి. పాల వ్యాను, వెనక ఎడమది. పంతులమ్మ ఎర్ర కారు. సిమెంటు కొట్టు మినీ లారీ. ఆయన ఒక్కటి కూడా మర్చిపోలేదు. ఓనరు గబగబా రాసుకుంటున్నాడు. రోజూ పడుకునే ముందు ఈ జాబితా అప్పజెప్పుకుంటున్నాడన్నమాట అని ఆమెకు అర్థమైంది. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండిపోయింది. తెలియక చేస్తే తిట్టి వదిలేయొచ్చు. తెలిసి, లెక్కపెట్టుకుంటూ, ఎలా నిద్రపోయాడు ఈ మనిషి?

"బడి వ్యాను. పెడలు గురించి అనుమానం." అది ఎనిమిదోది.

"ఛీ!" అని ఆమె పక్కనున్న రేకు డబ్బాను కాలితో తన్నింది. బోల్టులు షెడ్డంతా దొర్లాయి. "ఇంకా ఉన్నాయా?"

"ఒక్కటే."

"చెప్పు మరి!"

ఆయన మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"పోయిన బుధవారం" అన్నాడు. "మీ ఇంటిదే. టాక్సీ."

ఆమె ఫోను తీసింది. వేలు ఒకసారి తప్పు పేరు మీద పడింది. నాలుగో మోతకు మొగుడు ఎత్తాడు. వెనక హారన్లు, ఎవరో ప్రయాణికురాలు దారి చెబుతున్న గొంతు.

"ఎక్కడున్నారు?"

"ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. ఏం?"

"ఎక్కకండి. పక్కకి తీయండి. గేరు తగ్గించుకుంటూ, మెల్లగా, పక్కకి తీసి దిగండి. ఆమెనీ దింపండి."

"ఏమైంది నీకు? నిన్నటి కోపం ఇంకా దిగలేదా?"

"బ్రేకు ఎలా ఉందండీ? అది చెప్పండి."

"బ్రేకా?" అతను ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు, ఫోను చెవిన పెట్టుకున్నా పక్కవాళ్ళకి వినబడుతుంది. "నాలుగు రోజుల్నుంచి కాస్త లోతుకి పోతోందిలే. రెండుసార్లు తొక్కితే ఆగుతోంది. నాకూ అనుమానమే వచ్చింది గానీ, బావ కాలు పెట్టి చూసి సరే అన్నాడుగా, నాదే అలవాటు తప్పిందేమో అనుకున్నా."

మేస్త్రీ ఆ మాట విన్నాడు. షెడ్డులో అందరూ విన్నారు.

"దిగండి!" అని చిటపటమ్మ గొంతు చించుకుని అరిచింది. "బావ మాట వద్దు, నా మాట వినండి, దిగండి!"